పుస్తకాన్ని నమిలే వయసులో ఏ పుస్తకం?

తొమ్మిది నెలల బిడ్డ ముందు బంతి బొమ్మ ఉన్న పేజీ తెరిచి పెడితే, బిడ్డ ఆ బంతిని వేళ్లతో గీకుతుంది, అరచేత్తో తడుముతుంది, కాగితంలోంచి దాన్ని పైకి తీయాలని చూస్తుంది. కుదరకపోతే పుస్తకాన్నే నోట్లో పెట్టుకుంటుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ డిలోష్, ఆమె సహపరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ గీకుడునే పరిశీలించింది. అమెరికా పిల్లలే కాదు, పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో చదువు, పుస్తకాలు పెద్దగా లేని ఇళ్ల పిల్లలు కూడా అలాగే చేశారు. పంతొమ్మిది నెలల పిల్లల్లో మాత్రం గీకుడు దాదాపు కనిపించలేదు. వాళ్లు బొమ్మను వేలితో చూపించారు. వస్తువు వేరు, వస్తువు బొమ్మ వేరు అన్న సంగతి మనిషికి పుట్టుకతో రాదని, ఈ పది నెలల్లో బొమ్మలను ముట్టుకుని, తిప్పి, కొరికి చూస్తూ నేర్చుకునేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగు ఇళ్లలో ఈ కాలం పుస్తకం లేకుండానే గడిచిపోవడం వెనుక ఒక పాత లెక్క ఉంది. పుస్తకం అంటే అక్షరం, అక్షరం అంటే అక్షరాభ్యాసం. వసంత పంచమినాడు బాసరలోనో, దసరాకు ఇంట్లోనో పళ్లెంలో పోసిన బియ్యం మీద ఓనమాలు దిద్దించాకే బిడ్డకూ పుస్తకానికీ పొత్తు కుదురుతుందని అందరూ అనుకుంటారు. పైగా కాలు తగిలితే కళ్లకద్దుకునే వస్తువును చొంగ కార్చే బిడ్డ చేతిలో పెట్టడానికి పెద్దవాళ్లకు మనసొప్పదు. పెట్టినా ‘చింపకు, నోట్లో పెట్టుకోకు’ అన్న రెండు మాటలే తరచూ వినిపిస్తాయి. ఆ గౌరవాన్ని తప్పుపట్టనక్కర్లేదు గానీ, అది చదవడం వచ్చినవాళ్ల పుస్తకానికి చెల్లే గౌరవం. మూడేళ్లలోపు బిడ్డకు పుస్తకం అక్షరాలు నేర్పే సాధనం కాదు. పెద్దవాళ్ల ఒడిలో కూర్చుని, ఇద్దరూ ఒకేదాన్ని చూస్తూ, దాని గురించి మాట్లాడుకోవడానికి దొరికే సాకు. అచ్చులో ఉన్న వాక్యం కంటే, బొమ్మను చూసి పెద్దవాళ్లు పలికే మాటే ఇక్కడ అసలు పాఠం. ఎలాంటి బొమ్మలుండాలి, ఏ భాషలో ఉండాలి, ఎన్ని కొనాలి అన్న ప్రశ్నలను కూడా ఈ కోణం నుంచే చూడవలసి ఉంటుంది.

పుట్టిన మొదటి వారాల్లో బిడ్డ చూపు ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఉన్నవాటి మీదే బాగా నిలుస్తుంది. పాలు తాగే బిడ్డకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం ఇంచుమించు అదే. లేత రంగుల్లో నాజూగ్గా గీసిన బొమ్మలు కొనేవాళ్లకు ముద్దొస్తాయి తప్ప, ఆ వయసు బిడ్డకు ఆనవు. ముదురు, లేత రంగుల తేడా కొట్టొచ్చినట్టు కనిపించే గీతలే పట్టుకుంటాయి. దీనికోసం ప్రత్యేకంగా ‘నలుపు తెలుపు’ పుస్తకాలు అమ్ముతున్నారు గానీ, నల్ల అట్ట మీద సుద్దముక్కతో వేసిన చుక్కల ముగ్గు ఆ పనిని అంతే బాగా చేస్తుంది. చెవి సంగతి మరీ ముందునుంచే మొదలవుతుంది. 1986లో ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ ప్రచురించిన ప్రయోగంలో, గర్భిణులు చివరి ఆరు వారాలు ఒకే గద్యభాగాన్ని రోజూ పైకి చదివారు. పుట్టిన కొద్ది రోజులకే ఆ పిల్లలు కొత్త భాగం కంటే కడుపులో ఉండగా విన్న భాగాన్నే వినడానికి మొగ్గు చూపారు. అర్థం కాదు, లయ గుర్తుంది. అందుచేత తొలి నెలల్లో ఏం చదివినా ఒకటే. మనవణ్ణి ఒడిలో వేసుకుని నాయనమ్మ చేసే స్తోత్రపారాయణ, తాతయ్య పైకి చదివే దినపత్రిక, అమ్మ లాలిపాట అన్నీ ఆ వయసుకు పుస్తకాలే.

అయితే ఆ గొంతు మనిషిదై ఉండాలి. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో వెల్లడించిన ఫలితం ఈ విషయంలో చాలా స్పష్టం. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల ముందు చైనా భాష మాట్లాడేవాళ్లు కూర్చుని, పన్నెండు విడతలపాటు బొమ్మల పుస్తకాలు చదివి, ఆటవస్తువులతో ఆడించారు. ఆ పిల్లలు చైనా భాషలోని ధ్వనుల తేడాను పట్టుకోగలిగారు. అదే మనిషి, అవే మాటలు తెర మీద కనిపించి వినిపించినప్పుడు మాత్రం పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. బువ్వ తినిపించడానికి ఫోనులో పెట్టే పాటల వీడియోలు ‘భాష నేర్పుతాయి’ అన్న సమర్థనకు ఈ వయసులో ఆధారం అంతంతమాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏడాదిలోపు పిల్లలకు తెర వద్దన్నాయి. బిడ్డ కదలకుండా కూర్చునే సమయాన్ని పెద్దవాళ్లతో కలిసి పుస్తకం చదవడానికీ, కథ చెప్పడానికీ వాడమన్నాయి. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచన కూడా ఇంతే: రెండేళ్ల వరకు, బంధువులతో అప్పుడప్పుడూ చేసే వీడియో కాల్ తప్ప, తెర అక్కర్లేదు.

ఇక దుకాణంలో దొరికేదాని సంగతి. పట్టణంలో ఏ పుస్తకాల షాపులో అడిగినా పసిపిల్లల పుస్తకం పేరుతో ముందు బయటికి వచ్చేది బొమ్మల అక్షరమాల; ఆ తరవాత ఒక్కో పేజీలో పన్నెండేసి పళ్లో, జంతువులో, వాహనాలో గళ్లుగళ్లుగా అచ్చేసిన పుస్తకం. రెండూ చవకే, రెండూ రంగురంగులవే. అక్షరమాల పుస్తకంతో వచ్చే చిక్కు ఏమిటంటే, అందులో వస్తువులు బిడ్డ బతుకులోంచి రావు, వర్ణక్రమంలోంచి వస్తాయి. ‘అ’కు అమ్మ, ‘ఆ’కు ఆవు వరకు బాగానే ఉంటుంది. ‘ఋ’ దగ్గరికి వచ్చేసరికి గడ్డం ఋషి, ‘ఔ’ దగ్గర ఔషధం సీసా ప్రత్యక్షమవుతాయి. ఏడాదిన్నర బిడ్డతో ఋషి గురించి ఏం మాట్లాడాలో ఎవరికీ తోచదు. తోచనప్పుడు మిగిలేది ‘ఋ అంటే ఋషి, చెప్పు’ అని చెప్పించడమే. అక్షరం పట్ల ఇంకా ఏ ఆసక్తీ లేని బిడ్డకు అది ఆట కాదు, పరీక్ష. గళ్ల పుస్తకంతో మరో ఇబ్బంది. యాపిల్, చెర్రీ, స్ట్రాబెర్రీ, కివీ వరసగా ఉంటాయి. ఏ పండూ చెట్టున ఉండదు, దాన్ని ఎవరూ తినరు, అందులోంచి రసం కారదు. పేర్లు తప్ప మాట్లాడుకోవడానికి మరేమీ లేని పేజీ అది. ఇంట్లో రోజూ కోసే జామకాయ, అరటిపండు మాత్రం చాలాసార్లు చివరి గడిలోకి పోతాయి, లేదా అసలే ఉండవు.

ఒక పేజీకి ఒక బొమ్మ, ఆ బొమ్మలో ఏదో ఒక పని జరుగుతూ ఉండడం, ఆ పని బిడ్డ రోజూ చూసేదై ఉండడం అన్న మూడూ కుదిరిన పుస్తకం ఏడాది దాటిన బిడ్డకు చాలాకాలం పనికొస్తుంది. బకెట్టులో నీళ్లు, కుక్కపిల్ల, అన్నం ముద్ద, చెప్పులు, ఆటో, కాకి ఇందుకు చాలినంత సామగ్రి. బొమ్మల తీరు మీద కూడా పరిశోధన ఉంది. ప్యాట్రీషియా గానియా, డిలోష్ తదితరులు 2008లో చూపిన దాని ప్రకారం, పదిహేను, పద్దెనిమిది నెలల పిల్లలు పుస్తకంలో నేర్చుకున్న పేరును నిజం వస్తువుకు వర్తింపజేయడం కార్టూన్ బొమ్మ కంటే ఫొటోతోనూ, ఫొటోలా ఉన్న బొమ్మతోనూ మెరుగ్గా సాగింది. కళ్లజోడు పెట్టుకుని సైకిలు తొక్కే నీలం ఏనుగు మూడేళ్ల పిల్లవాణ్ణి నవ్విస్తుంది, ఎందుకంటే ఏనుగులు అలా ఉండవని వాడికి అప్పటికే తెలుసు. పదిహేను నెలల బిడ్డకు ఆ తమాషా అందదు. ఖరీదైన పుస్తకాల్లో కనిపించే తలుపుల్లాంటి మూతలు, లాగితే కదిలే ముక్కలు కూడా ఇలాంటివే. అవి చేతికి పని పెడతాయి నిజమే. కానీ 2010లో ఇదే పరిశోధకుల బృందంలోని కొందరు పరిశీలించినప్పుడు, అలాంటి పుస్తకాల్లోంచి పిల్లలు కొత్త సంగతులు నేర్చుకున్నది సాదా పుస్తకాల కంటే తక్కువే. లాగే ముక్క మీదే ధ్యాసంతా ఉంటే, బొమ్మ మీద మిగిలేదెంత?

కట్టుబడి గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. దళసరి అట్ట పేజీలు, గుండ్రటి మూలలు, తడి గుడ్డతో తుడిస్తే పోయే పూత ఉంటే చాలు. గుడ్డతో కుట్టిన పుస్తకమైతే ఉతుక్కోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. నొక్కితే శబ్దం చేసే పుస్తకాల్లో నాణెంలాంటి చిన్న బ్యాటరీలు ఉంటాయి. బిడ్డ దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ మూతకు మర (స్క్రూ) బిగించి లేని పుస్తకాన్ని ఎంత ముచ్చటగా ఉన్నా ఇంటికి తేకూడదు.

తెలుగు పుస్తకం ఎంచుకునేటప్పుడు ఎదురయ్యే అసలైన ఇబ్బంది వాక్యంలో ఉంది. పసిపిల్లల కోసం దొరికే తెలుగు పుస్తకాల్లో చాలావాటి మూలం ఇంగ్లిషో, హిందీయో. ‘ఒక చిన్న కుక్కపిల్ల తన యొక్క బంతితో సంతోషంగా ఆడుకుంటోంది’ అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, కానీ ఏ తెలుగు అమ్మా బిడ్డతో అలా అనదు. ‘అదుగో, కుక్కపిల్ల! బంతి పట్టుకుంది చూడు నాన్నా’ అంటుంది. పుస్తకం కొనే ముందు రెండు పేజీలు పైకి చదివి చూడడం ఇందుకే అవసరం. నోరు తిరగని వాక్యం ఇంట్లో రెండో రోజుకే మూలపడుతుంది. నోరు తిరిగే వాక్యం కూడా అన్ని ఊళ్లకూ ఒకటి కాదు. కోడి ఒకచోట కూస్తోంది, ఒకచోట కూస్తున్నది, ఇంకోచోట కూస్తా ఉంది. వేరుశనక్కాయ హైదరాబాదులో పల్లికాయ, అనంతపురంలో చెనిక్కాయ. సొరకాయ కాకినాడలో ఆనపకాయ. అచ్చులో ఉన్నదే సరైన తెలుగన్న బెరుకుతో ఇంటి మాటను వదులుకోనక్కర్లేదు. చదివేవాళ్లు అచ్చు వాక్యాన్ని పక్కన పెట్టి తమ యాసలో బొమ్మను చెప్పుకుంటూ పోతే పుస్తకానికి వచ్చే నష్టమేమీ లేదు, బిడ్డకు లాభమే ఎక్కువ. బువ్వ, లాల, బజ్జో, జేజ లాంటి ముద్దుమాటలకూ అదే న్యాయం. స్నానం బొమ్మ దగ్గర ‘లాల పోసుకుంటోంది’ అనడం బిడ్డ భాషను వెనక్కి లాగదు. బిడ్డకు అప్పటికే తెలిసిన మాటకు బొమ్మను ముడివేస్తుంది.

తెలుగుకు ఈ వయసులో అక్కరకొచ్చే సొత్తు మరొకటి ఉంది, ప్రచురణకర్తలు దాన్ని తగినంతగా వాడుకోవడం లేదు. నీళ్లు గలగలా పారతాయి, చినుకులు టపటపా రాలతాయి, పాము జరజరా పాకుతుంది, బుడ్డోడు బుడిబుడి అడుగులు వేస్తాడు, గిన్నె ధన్‌మని కింద పడుతుంది. పనినీ శబ్దాన్నీ ఒకే మాటలో పట్టుకునే ఈ ధ్వన్యనుకరణ పదాలు తెలుగులో కొల్లలు. జపనీస్‌లోనూ ఇలాంటి పదాలు లెక్కలేనన్ని. కేవలం వాటితోనే అల్లిన పసిపిల్లల పుస్తకాలు అక్కడ మామూలు. ముత్సుమి ఇమాయ్ బృందం 2008లో మూడేళ్ల జపనీస్ పిల్లల మీద చేసిన పరిశీలనలో, శబ్దంతోనే అర్థాన్ని స్ఫురింపజేసే కొత్త క్రియలను పిల్లలు మిగతావాటికంటే తేలిగ్గా నేర్చుకున్నారు; తరవాత ఇంగ్లిషు మాట్లాడే పిల్లల్లోనూ అదే కనిపించింది. పేజీకి ఒక బొమ్మ, కింద ‘జరజర’ అన్న ఒక్క మాట ఉండే తెలుగు పుస్తకం రావాలంటే అనువాదకుడి అవసరమే లేదు. అది వచ్చేదాకా, ఇంగ్లిషు పుస్తకంలో వాన బొమ్మ ఉన్న పేజీ దగ్గర ‘టపటపా టపటపా’ అనడానికి అడ్డేమీ లేదు.

చదివే పద్ధతికి వస్తే, గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనం దగ్గర ఆగాలి. 21 నుంచి 35 నెలల పిల్లల తల్లిదండ్రుల్లో ఒక వర్గానికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు: చదువుకుంటూ పోకుండా మధ్యలో అడగండి, బిడ్డ అన్న మాటకు మరో రెండు మాటలు చేర్చి తిరిగి అనండి, మెచ్చుకోండి. రెండో వర్గం మామూలుగానే చదివింది. నెల తిరిగేసరికి మొదటి వర్గం పిల్లలు మాట్లాడే తీరులో ముందున్నారు. ఆ అడగడం, చేర్చడం తెలుగులో ఎలా ఉంటుందో ఒక పేజీ మీద చూడవచ్చు. గోడ మీద కాకి, కింద కంచంలో అన్నం. రెండేళ్లకు దగ్గరపడ్డ పాప కాకి మీద వేలు పెట్టి ‘కాకి’ అంది. ‘ఆఁ, కాకే. నల్ల కాకి. ఎక్కడ వాలింది?’ అని అమ్మమ్మ అడిగింది. పాప మాట్లాడలేదు. అమ్మమ్మ కూడా కాసేపు మాట్లాడలేదు. ఈ కాసేపు చాలా విలువైనది. పెద్దవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, జవాబు తామే అందించేసి. నాలుగైదు క్షణాలకు ‘గోడ’ అన్న మాట వచ్చింది. ‘గోడ మీద వాలింది. కావ్ కావ్ అని ఎవర్ని పిలుస్తోందో?’ అంది అమ్మమ్మ. పాప తన గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. రెండు మాటల బిడ్డ నోట పలికిన ‘గోడ’ మరుక్షణంలో ‘మీద’నూ, ‘వాలింది’నూ తోడు తెచ్చుకుని చెవిలో పడింది. విభక్తి, క్రియాపదం చివర ‘-ది’, ‘-డు’ తేడా పిల్లలకు ఒంటబట్టేది ఇలాంటి తిరుగుమాటల్లోనే, ఎవరూ నేర్పకుండా. ఇదంతా జరిగిన ఆ పేజీలో అచ్చయి ఉన్నది ఒక్క మాట, ‘కాకి’.

ఆ పేజీ దాటకుండానే పాప లేచి వెళ్లిపోతే, అంతటితో ఆ పూటకు చదువు అయిపోయినట్టే. పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదవాలన్న నియమం ఈ వయసుకు లేదు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో పద్దెనిమిది నెలల బిడ్డ నుంచి ఆశించేది పెద్దవాళ్లతో కలిసి పుస్తకంలో కొన్ని పేజీలు చూడడం మాత్రమే. అడిగిన బొమ్మను వేలితో చూపడం రెండేళ్లకు, ఒక్కొక్క పేజీ తిప్పడం రెండున్నరేళ్లకు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా, చివరి పేజీ నుంచి మొదలుపెట్టినా సరిదిద్దే పని లేదు.

ఒకే పుస్తకాన్ని పదిసార్లు చదవమని అడిగే బిడ్డ విషయంలో పెద్దవాళ్లకు విసుగు రావడం సహజం, కొత్త పుస్తకాలు కొనాలేమోనన్న సందేహం కూడా సహజమే. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెసికా హార్స్ట్ బృందం 2011లో ప్రచురించిన పరిశీలనలో మూడేళ్ల పిల్లలు కొందరు అవే కథలను మళ్లీ మళ్లీ విన్నారు, కొందరు వేర్వేరు కథలు విన్నారు. కొత్త మాటలు రెండు వర్గాలకూ అన్నేసిసార్లే వినిపించినా, అవే కథలు విన్నవాళ్లకే ఎక్కువ గుర్తున్నాయి. అంటే ఇంటికి ముప్పై పుస్తకాలు అక్కర్లేదు. బిడ్డకు చేతికందే ఎత్తులో ఐదారు ఉంటే, వాటిలో రెండు చిరిగి అతుకులు పడే నాటికి వాటి విలువ వసూలవుతుంది.

ఆ ఐదారు ఎక్కడ దొరుకుతాయన్నది వేరే చిక్కేమీ కాదు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థ, రెండు భాషల పుస్తకాలు వేసే చెన్నైలోని తూలిక, 2004లో బెంగళూరులో మొదలైన ప్రథమ్ బుక్స్ తెలుగులో బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే ఇస్తున్నాయి. వీటిలో ఎక్కువ భాగం పల్చటి కాగితానివి, మూడేళ్లు దాటినవాళ్ల కోసం ఉద్దేశించినవి; దళసరి అట్టతో, రెండేళ్లలోపు పిల్లల కోసం తెలుగులో వచ్చేవి ఇప్పటికీ బహు తక్కువ. మాటలు లేని బొమ్మల పుస్తకాలు ఈ లోటును కొంత పూడుస్తాయి, ఎందుకంటే వాటికి భాష కొరత ఉండదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని అచ్చు వేసుకోవడానికీ, మార్చుకోవడానికీ అనుమతి ఉంది. ఫోనులోనే చూపించేస్తే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. మిషిగన్‌లో పిల్లల వైద్యులు 2019లో వెల్లడించిన పరిశీలనలో, అచ్చు పుస్తకం ముందు మాట్లాడుకున్నంతగా పలక కంప్యూటరు (ట్యాబ్)లోని పుస్తకం ముందు తల్లిదండ్రులూ పిల్లలూ మాట్లాడుకోలేదు. జిరాక్స్ షాపులో నాలుగు పేజీలు రంగుల్లో తీయించి, లామినేషన్ చేయించి, అంచులు గుండ్రంగా కత్తిరించి దారం కడితే బిడ్డ నమలడానికీ తట్టుకునే పుస్తకం తయారవుతుంది. అమ్మమ్మ, తాతయ్య, మేనమామ, ఇంటి ముందు వేపచెట్టు ఫొటోలతో చేసుకున్నదైతే ఏ ప్రచురణకర్తా ఇవ్వలేని పుస్తకం అది.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలకు ఈ చివరి మాట మరీ వర్తిస్తుంది. అక్కడ గ్రంథాలయంలో ఇంగ్లిషు అట్ట పుస్తకాలు కుప్పలుగా దొరుకుతాయి, తెలుగువి దొరకవు. దాంతో బిడ్డతో గడిపే పుస్తకం సమయమంతా ఇంగ్లిషులోకి జారిపోతుంది. పుస్తకం ఇంగ్లిషుదైతే మాట కూడా ఇంగ్లిషులోనే ఉండాలన్న నియమమేదీ లేదు. అమెరికా కాకి కూడా తెలుగులో కావ్ కావ్ అంటుంది.

పుస్తకం కొనే స్థోమత, అలవాటు లేని ఇళ్ల మాటేమిటన్నది మిగులుతుంది. బోస్టన్ సిటీ ఆసుపత్రిలో 1989లో కొందరు పిల్లల వైద్యులు దీనికి తేలికైన దారి కనిపెట్టారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు పరీక్షకు వచ్చిన ప్రతిసారీ బిడ్డ చేతిలో ఒక పుస్తకం పెట్టి, ఎలా చూపించాలో తల్లికి అక్కడే చేసి చూపడం ఆ పద్ధతి. ‘రీచ్ అవుట్ అండ్ రీడ్’ పేరుతో అది దేశమంతా పాకింది. బ్రిటన్‌లో 1992లో బర్మింగ్‌హామ్‌లో మూడు వందల మంది పసిబిడ్డలతో మొదలైన ‘బుక్‌స్టార్ట్’ కూడా ఆ దారిదే. మన దగ్గర దీనికి కావలసిన సరంజామా చాలావరకు సిద్ధంగానే ఉంది. తొమ్మిదో నెల దాటాక తట్టు టీకాకు, పదహారో నెల తరవాత బూస్టరుకు బిడ్డ ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. అంటే సరిగ్గా బొమ్మను గీకే వయసులో ఒకసారి, వేలు పెట్టి చూపే వయసులో ఇంకోసారి. అంగన్‌వాడీల కోసం కేంద్రం 2024లో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు పిల్లలతో చేయవలసిన పనుల మీద ‘నవచేతన’ పేరుతో మార్గదర్శిని తెచ్చింది. తెలంగాణ 2017లో ప్రసూతి మహిళలకు ఇవ్వడం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో దోమతెర, సబ్బు, నూనె, బిడ్డ బట్టలు, ఆటవస్తువులు ఉండేవి, పుస్తకం లేదు. ఎనిమిది అట్ట పేజీలు, ఎనిమిది బొమ్మలు ఉన్న పుస్తకం ఒకటి టీకా గదిలో నర్సు చేతి నుంచి అందితే, సూది నొప్పికి ఏడ్చే బిడ్డ ముందు దాన్ని నోట్లోనే పెట్టుకుంటుంది.